పీర్ల నెలలో ఎరుపు

మైదుకూరులో బషీరాబీ నోటికి జడవని మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను ఆమె మొగుడు ఖాదర్ మొహిద్దీన్. అది ధైర్యం అనుకునేరు, కాదు. ఆమె మాటల్లో సగం అతని చెవిన పడేవే కావు. తక్కిన సగానికి తల ఊపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరంతా అనేది. ఆమె మాత్రం, "నాకుండే నాలుక ఇద్దరికి సరిపోతాదిలే" అనేది.

వాళ్ళది రంగులద్దే ఇల్లు. చుట్టుపట్ల సాలెవాళ్ళు నూలు తెచ్చి పడేస్తే, ఎరుపో నీలమో పచ్చో వేసి, ఆరబెట్టి, మళ్ళీ కట్టలుగా, చిలపలు కట్టి ఇచ్చేవాళ్ళు. ఖాదర్ మొహిద్దీన్ కట్టెలు కొట్టి, నీళ్ళు తోడి, బరువులు ఎత్తేవాడు. రంగు చూసేది మాత్రం బషీరాబీనే. నీలి బానలో సున్నం, తగిరిస గింజలు వేసి పులియబెట్టి, ఆ వాసన చూసి ఇంకొక పూట ఆగాలో వద్దో చెప్పేది. బానలోంచి తీసిన నూలు మొదట ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలే కొద్దీ కళ్ళముందే నీలమవుతుంది. నలభై అయిదేళ్ళొచ్చినా ఆ మార్పు చూడడానికి ఆమె చేతిలో పని ఆపి నిలబడేది. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. "రంగిరేజోళ్ళు చచ్చినా కఫను గుడ్డకు రంగంటిస్తారు" అని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. అత్త బతికున్న రోజుల్లో కొత్త కోడలికి చెప్పిన మాట అది. "ఎరుపు పని చేసినన్ని దినాలు రంగు ఒంట్లోకి దిగుతాది. ఒంటికి పోతే ఎర్రగా కనపడొచ్చు. బెదురుకోవాకు." అత్తకు నిజంగా అట్లా కనపడిందో, కోడలిని భయపెట్టడానికి అందో అల్లాకే తెలియాలి. బషీరాబీకి మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. ఆమె చాలా విషయాల్లో అత్తను లెక్క చేయలేదు. ఖర్మ కొద్దీ ఈ ఒక్క మాటను మాత్రం గట్టిగా పట్టుకుంది.

అందుకే ముట్లుడిగి రెండేళ్ళయ్యాక, పెళ్ళిళ్ళ ముందు ఎరుపు పని ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, మూత్రం ఎర్రగా పోయినప్పుడు ఆమె బెదరలేదు. నొప్పి లేదు, మంట లేదు. రెండు మూడు రోజులకు దానంతటదే తేటపడింది. మళ్ళీ కొన్ని నెలలకు వచ్చింది. అప్పుడూ ఎరుపు పనే. ఎండకు వేడి చేసింది కూడా అనుకుని సబ్జా గింజలు నానబెట్టి తాగింది. తగ్గింది. తగ్గిందంటే మందు పనిచేసిందనేగా మనం అనుకునేది! నొప్పి పెట్టే రోగమైతే ఏ వైద్యుడి దగ్గరికో తరిమేది. ఇది దొంగ రోగం. వచ్చిపోతూ, ఇంట్లో మనిషిలాగా అలవాటైపోయింది.

నూలు తెచ్చే సుబ్బరత్నమ్మకు ఒక్కతెకే ఈ సంగతి కొంచెం తెలుసు. సాలెవాళ్ళ ఇంటి కోడలు, బషీరాబీకి నేస్తురాలు. ఒకరోజు ఆమె చిలపలు దించుతూ అడిగింది.

"ఏం బూబమ్మా, శానా చిక్కిపోయినావే? రైక ఎట్ల జారిపోతాందో చూడు."

"ఎండలకు తిండి పోవడంల్యా. నువ్వు మాత్రం నా వంతు కూడా తింటాండావులే."

"నగుబాట్లు కాదు. ఆ ఎర్రగా పోయేది నిలబడిందా?"

"ఎరుపు పనయిపోయింది కదా, అదీ పాయ."

1934 ఎండాకాలంలో పీర్ల పండుగ వచ్చింది. ఆ నెలలో తురకల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళుండవు, ఎర్రబట్టలుండవు. రంగుల ఇళ్ళల్లో ఎరుపు బానలు కడిగి బోర్లించేస్తారు. ఫకీర్ల కోసం పచ్చ, రోజువారీ కోసం నీలం, అంతే. ఎన్ని తరాలనుంచో అదే మర్యాద. ఆ నెల మొదట్లో ఖాదర్ మొహిద్దీన్ ఇల్లంతా సున్నం కొట్టాడు. వెనక నీళ్ళు పోసుకునే జలదారిలోని నాపరాయికి కూడా కొట్టాడు. అది కొట్టమని ఎవరూ అడగలేదు. సున్నం మిగిలింది, కొట్టాడు.

పీర్లు లేచిన మూడో రోజు ఉదయం బషీరాబీ జలదారిలోకి పోయింది. లేచి చూస్తే తెల్లటి రాయి మీద ఎరుపు. అది రంగు ఎరుపు కాదు. నడిమధ్య చిన్న చిన్న గడ్డలు కూడా ఉన్నాయి. ఆమె చేతుల వైపు చూసుకుంది. రెండు చేతులూ మోచేతుల దాకా నీలం. ఇంట్లో ఎరుపు పొడి చిటికెడు కూడా లేదు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. అత్త మాట, సబ్జా గింజలు, గడిచిపోయిన నెలలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. "ఇదీ నేను చేసుకున్నది" అని గొణుక్కుంది. జీవితంలో మొదటిసారి బషీరాబీకి నోరు పెగల్లేదు. మొగుణ్ణి పిలిచి, వేలితో రాయి చూపించింది.

ఆ రోజు ఖాదర్ మొహిద్దీన్ నోట్లోకి నాలుక ఎక్కడినుంచో వచ్చింది.

"ఎన్నాళ్ళనించి?"

ఆమె చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు. తరువాత సద్ది మూట కట్టమన్నాడు. "కడప దగ్గర మిషన్ ఆసుపత్రి ఉండాది. పోతాండాం."

"పండగ పోనీ సాయబూ. పీర్లు నిప్పుల గుండం దిగేది చూసి..."

"పీర్లు ఏడాదికొకసారి వస్తాయి. నువ్వు పోతే మళ్ళీ రావు. లెయ్."

ఇంత పెద్ద మాట అతని నోటినుంచి ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆమె వినలేదు. మారు మాట్లాడకుండా లేచింది.

ఆసుపత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. వయసు మళ్ళిన మనిషి, చల్లటి చేతులు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది. ఆమె మాట్లాడుతుంటే బైబిలు చదువుతున్నట్లుండేది. ఆ పలుకును మనుషుల భాషలోకి దించడానికి విశ్వాసమ్మ అనే నర్సు పక్కనే నిలబడేది. విశ్వాసమ్మది బద్వేలు దిక్కు.

డాక్టరమ్మ బషీరాబీని పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి నిదానంగా నొక్కింది. ఊపిరి పీల్చమంది. పీల్చగానే లోపల గట్టిగా ఏదో డాక్టరమ్మ వేళ్ళకు తగిలినట్లుంది, ఆమె ముఖం మారిపోయింది.

"నీ ఎడమ మూత్రపిండమునందు గడ్డ పెరుగుచున్నది" అంది డాక్టరమ్మ.

బషీరాబీ విశ్వాసమ్మ వైపు చూసింది.

"గుర్దా తెల్సు కదా బూబమ్మా, మేక కోసినప్పుడు రెండుంటాయే, అవి. మనకూ రెండుంటాయి. నీ ఎడం పక్క దాంట్లో గడ్డ లేచింది. చెడ్డ గడ్డ."

"దానికి మందియ్యమను."

మందు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఉన్న దారులేమిటో ఒక్కొక్కటే చెప్పింది, ఏదీ దాచలేదు. ఏమీ చేయకుండా ఇంటికి పోవచ్చు. అప్పుడు రక్తం వస్తూపోతూ ఉంటుంది, గడ్డ పెరిగి ఊపిరితిత్తులకో ఎముకలకో పాకుతుంది, ఆ తరువాత ఎవరూ ఏమీ చేయలేరు. లేదంటే పక్కన కోసి, మూత్రపిండాన్ని మొత్తంగా తీసెయ్యాలి. దాని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, రక్తనాళాలను గట్టిగా కట్టి తీసెయ్యాలి.

"మొత్తం ఎందుకు?" బషీరాబీకి నోరు తిరిగొచ్చింది. "వంకాయలో పుచ్చు పట్టిన కాడికి కోసి పారేసి మిగతాది కూర చేసుకోమా?"

విశ్వాసమ్మ నవ్వు ఆపుకుని ఆ మాటను డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. 

"మంచి ప్రశ్న. చిన్న గడ్డ అంచున ఉంటే కొందరు అట్లు చేసిరి. నీది నడుమ ఉన్నది, పెద్దది. మూత్రపిండమంతయు రక్తమే. నడుమ కోసినచో రక్తము నిలువదు. పుచ్చు ఎంతవరకు పాకెనో మన కన్నులకు తెలియదు. ఒక్క గింజ మిగిలినను మరల మొలచును."

ఇంకొక మాట కూడా చెప్పింది. పక్క తెరిచాక గడ్డ అప్పటికే నాళాల్లోకి పాకి ఉంటే, ఏమీ తీయకుండా మూసేస్తానంది. కొందరు బల్ల మీదనే పోతారని కూడా చెప్పింది. ఖాదర్ మొహిద్దీన్ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"ఒక గుర్దాతో మనిషి బతుకుతాడా?" అని అడిగాడు.

"రెండవది మంచిదైతే బ్రతుకును. ముందు అది చూడవలెను. అది కూడా చెడినదైతే నేను కత్తి పట్టను."

అంటే ఇప్పుడు బషీరాబీ ప్రాణం ఆ కనపడని రెండో గుర్దా మీద నిలిచింది.

మరునాడు పరీక్ష. సన్నటి గొట్టం, దాని కొసన చిన్న దీపం. దాన్ని మూత్రం వచ్చే దారిలోంచి లోపలికి పెట్టి చూస్తారు. విశ్వాసమ్మ చేతి నరంలోకి సూది గుచ్చుతూ, "ఇది నీలి మందు బూబమ్మా" అంది. గాజు సీసాలో ముదురు నీలం. బషీరాబీ ఆ స్థితిలో కూడా మెడ ఎత్తి చూసింది.

"మా బానలో నీలమేనా?"

"దానికి చెల్లెలు. ఇది నెత్తురులో కలిసి గుర్దాల్లోకి పోతాది. మంచి గుర్దా అయితే కొంచేపటికే నీలం నీళ్ళు వదుల్తాది. చెడ్డది వదలదు. డాక్టరమ్మ లోపల చూస్తాంటాది."

నొప్పి కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఆమె పళ్ళు బిగించి పైకప్పు చూస్తూ పడుకుంది. బానలోంచి తీసిన నూలు రంగు తిరిగేదాకా ఆగడం ఆమెకు అలవాటే. ఇక్కడ మాత్రం చూసే కన్ను తనది కాదు. డాక్టరమ్మ కన్ను గొట్టానికి ఆనించి కదలకుండా ఉంది.  ఎడమ పక్క మురికి ఎరుపే తప్ప ఏమీ లేదని గొణిగింది. ఆ తరువాత హఠాత్తుగా ఆమె భుజాలు వదులయ్యాయి.

"కుడి వైపున నీలము" అంది. "చక్కని నీలము!"

బషీరాబీకి ఏడుపు తన్నుకొచ్చింది. జీవితమంతా నీలం బయటికి రావడం కోసం ఎదురుచూసిన మనిషి, అది తన ఒంట్లోనుంచి వచ్చిందని విని, పిల్లలాగా వెక్కి వెక్కి ఏడ్చింది. విశ్వాసమ్మ తన కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

ఇక కోతే మిగిలింది అనుకుంటే, అప్పుడు బషీరాబీ అడ్డం తిరిగింది. తీసిన గుర్దాను తనకిచ్చేయాలంది. ఒంట్లోనుంచి వేరైన ముక్క ఏదైనా మట్టిలో కలవాలి, కుక్కల పాలు కాకూడదు. వేలు తెగినా తెల్లగుడ్డలో చుట్టి పూడుస్తారు వాళ్ళు. డాక్టరమ్మ కూడా అంతే గట్టిగా వద్దంది. గడ్డ ఏ రకమో తేల్చడానికి దాన్ని మద్రాసు పంపాలి, అక్కడ భూతద్దాల కింద పెట్టి చూస్తారు అంది.

"మద్రాసులో సీసాలో ఊరగాయ పెడతారంట నా గుర్దాను! కోయించుకోను, పోండి."

"రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరిస్తే ఎట్లమ్మా?" అంది విశ్వాసమ్మ.

"పోటుకు వెరవలా. ముక్కలు ముక్కలుగా ఖబరు గుంతలోకి పోవాలంటే వెరుస్తాండా."

బేరం తెగకుండా ఆగిపోయింది. అప్పుడు కూడా నోరు విప్పింది ఖాదర్ మొహిద్దీనే. అతను డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు. "అమ్మా, మీకు చూసేదానికి ఎంత కావాల? రంగు కుదిరిందా లేదా అని చూసేదానికి మేం ఒక పోగు చూస్తాం. చిలపంతా చూడం."

 వక్కపలుకంత ముక్క చాలునంది డాక్టరమ్మ. మిగిలింది వాళ్ళదే.

"ఆ పలుకు తిరిగి వస్తుందా?" అని అడిగింది బషీరాబీ.

"రాదు."

 "సరే. నా తరఫున సాక్ష్యానికి పోయిందనుకుంటా."

తీపి కుళ్ళు వాసన వేసే మత్తుమందు ముక్కు మీద పెట్టినప్పుడు ఆమె కలిమా చదువుకుంటూ ఉంది. సగంలో మాట జారిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఎడమ పక్క నిప్పు పెట్టినట్లుంది. నోరు పిడచకట్టుకుపోయింది. పక్కన విశ్వాసమ్మ కూర్చుని ఉంది.

"తీసినారా, మూసినారా?" అని అడిగింది బషీరాబీ. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే.

"తీసినారు. సంచిలో కట్టినట్ల మొత్తం ఊడొచ్చింది. నాళాల్లోకి పాకలేదంట."

"సాయబు యాడ?"

"యాడనా? నీ గుర్దాతో మైదుకూరు పోయినాడు!"

నిజమే. ఖాదర్ మొహిద్దీన్ ఉప్పు పరిచిన మట్టి కుండలో దాన్ని పెట్టి, తెల్లగుడ్డ వాసెన కట్టి, సర్వీసు బస్సెక్కాడు. కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న పెద్దమనిషి, "ఏముందప్పా కుండలో, నెయ్యా?" అని అడిగాడంట. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి కదా, "మా ఇంటామె" అన్నాడంట. పెద్దమనిషి లేచి వెనక సీటుకు పోయాడు. ఈ సంగతి వారం తరువాత చెప్పినప్పుడు బషీరాబీకి నవ్వొచ్చి, కుట్లు లాగి, నవ్వలేక ఏడవలేక మొగుణ్ణి తిట్టింది. ఖబరస్తాన్‌లో తూర్పు గోడ పక్కన, ఒక నాపరాయి గుర్తు పెట్టి పూడ్చానని అతను చెప్పాడు. ఆ నేల తన ఖబరు కోసం అనుకున్నదని చెప్పలేదు.

మద్రాసు కబురు డాక్టరమ్మ నోటిమాటగానే చెప్పింది. అది చెడ్డ గడ్డే. కానీ పూర్తిగా వచ్చిందని నమ్ముతోంది. మళ్ళీ రాదని మాత్రం ఎవరూ రాసివ్వలేరు. ఒక తెల్ల పింగాణీ గిన్నె చేతిలో పెట్టి, రోజూ పొద్దున మూత్రం ఇందులో పోసి చూసుకో, రవ్వంత ఎరుపు కనపడినా పరుగెత్తుకుని రా అంది.

బషీరాబీ అట్లాగే చేసింది. ముందు కొన్ని నెలలు వంగలేక, బాన దగ్గర పీట వేసుకుని కూర్చుని మొగుడి చేత పని చేయించింది. నోరు మాత్రం మొదటిరోజే కోలుకుంది. ఏడాదికొకసారి ఆసుపత్రికి పోయి డాక్టరమ్మకు చూపించుకుని, విశ్వాసమ్మకు నీలి చీర ఇచ్చి వచ్చేది. రోజూ తెల్లవారగానే గిన్నె వెలుతురులో పెట్టి చూసేది. చూసే ముందు గుండె దడదడలాడేది. ఆ దడ ఏనాడూ పోలేదు. కోసి తీసింది గడ్డనే, భయాన్ని తీసే కత్తి ఆ ఆసుపత్రిలో కూడా లేదు. నీళ్ళు తేటగా ఉంటే, "షుక్ర్, ఈ రోజు కూడా సాయబును ఒంటరి చేయలా" అనుకునేది. పైకి చెప్పేది కాదు. వంట పొయ్యి దగ్గరినుంచి ఖాదర్ మొహిద్దీన్ తల ఎత్తి చూస్తే, ఆమె తల ఊపేది. వాళ్ళ కాపురంలో తల ఊపడం ఆమె వంతుకు వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

పన్నెండేళ్ళు అట్లా గడిచాయి. తాను ముందు పోతాననుకుని అన్ని ఏర్పాట్లూ మనసులో చేసుకున్న మనిషి ఆమె. పోయింది అతను. 1946 చలికాలంలో నాలుగు రోజుల జ్వరం, అంతే. పోయేముందు ఒక్కటే అడిగాడు. తూర్పు గోడ పక్కన, నాపరాయి గుర్తున్న చోట పెట్టమన్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, తన గుర్దాను అతను అక్కడే ఎందుకు పూడ్చాడో.

ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు. జనాజా గడప దాటేటప్పుడు ఆమె మోసేవాళ్ళలో ఒకరి చెయ్యి పట్టుకుని, "ఆ రాయిని కదపకండి నాయనా, దానికి ఆనించి పెట్టండి" అని మాత్రం చెప్పింది.

మరునాడు సుబ్బరత్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక, "ఒంటరోడైపోయినాడు బూబమ్మా, ఆ చలిలో" అని ఏడ్చింది.

"యాడ ఒంటరోడు?" అంది బషీరాబీ. "నాలో ముక్క పన్నెండేళ్ళ ముందే పోయి ఆయనకు చోటు పట్టి పెట్టింది కదా."

సుబ్బరత్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆమె వెళ్ళిపోయాక బషీరాబీ జలదారిలోకి పోయింది. ఆ పొద్దు గిన్నె చూసుకోవడం మరిచిపోయినట్లు అప్పుడు గుర్తొచ్చింది. చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. అలవాటు కొద్దీ తల ఎత్తి పొయ్యి వైపు తిరిగి, తల ఊపింది.

పొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఆమె గిన్నె కడిగి బోర్లించి, అప్పుడు కూర్చుని ఏడ్చింది.